ఎవరూ అడగని కొంగుముడి

1వ రోజు

ఈ పుస్తకం మేయరే సొంత చేత్తో రాయాలట. గుమస్తా చేత రాయించకూడదట. అయిదో తరగతితో బడి మానేసినదాన్ని, అచ్చులూ హల్లులూ గుర్తున్నాయో లేదో అన్నాను. "తప్పులుంటే ఉండనివ్వండమ్మా. మనిషి రాసిందని తెలుస్తుంది" అని తలుపుల ఇంజనీరు భానోజీరావు గారు కలం చేతిలో పెట్టారు.

నా పేరు చోడిపల్లి అచ్చియ్యమ్మ. ఎత్తురేవులో ఏడో వీధి. ఎండుచేపలు అమ్ముతాను. పోయిన దసరాకి నా కూతురు ఝాన్సీ పోయింది. పందొమ్మిదేళ్ళు. సముద్రం పొంగినప్పుడు ఊరి చుట్టూ ఉన్న గోడలో మా వీధి తలుపు దిగిపోయింది, పిల్ల అవతల ఉండిపోయింది. తొమ్మిది నెలలు విచారణ చేసి తప్పు తలుపుదే అని తేల్చారు.

ఊరి తప్పు వల్ల మనిషి పోతే, ఆ ఇంట్లోవాళ్ళని తొంభై రోజులు మేయరు కుర్చీలో కూర్చోబెట్టడం మా ఊరి చట్టం. ఆ తొంభై రోజుల్లో మూడు పనులు చెప్పాలి. ఊరు చేసి తీరాలి. ఏ పని ముందో దెబ్బ తగిలినవాళ్ళకి తెలుస్తుందని, గోడ కట్టి ఈ ఊరిని నిలబెట్టిన పెద్దలు అలా రాశారట.

కుర్చీ ఎత్తుగా ఉంది. కాళ్ళు నేలకి అందలేదు. రేపు ఇంటి నుంచి చేపల పెట్టె ఒకటి తెచ్చుకుని కాళ్ళ కింద వేసుకుంటాను.

సాయంత్రం ఇంటికి వెళ్ళి గడప దాటగానే గుమస్తా రోజూలాగే చెప్పింది. గుమస్తా అంటే మనిషి కాదు. ఊరంతటికీ ఒకటే గొంతు. ప్రతి గడప మీదా, ప్రతి తలుపు మీదా ఉంటుంది. మా చేతికి కట్టుకునే పూసల్ని బట్టి ఎవరెక్కడున్నారో దానికి తెలుస్తుంది.

"అచ్చియ్యమ్మ గారూ, ఇంట్లో ఇద్దరు. క్షేమం" అంది.

ఝాన్సీ పూస ఇంకా దేవుడి గూట్లోనే ఉంది. తిరిగి ఇచ్చెయ్యమని ఎవరూ అడగలేదు, నేనూ ఇవ్వలేదు. ఇద్దరు అంటే ఇద్దరే అనుకుని రెండు కంచాలు కడిగాను.

4వ రోజు

అర్జీలు తెచ్చేవాళ్ళు లోపల గదిలో నిలబడి మాట్లాడాలట. చేతులు కట్టుకుని, కళ్ళు దించుకుని, వణుకుతూ చెబుతున్నారు. పెట్టె పట్టుకుని బయట మెట్ల మీదికి వచ్చి కూర్చున్నాను. అక్కడైతే జనం తగువులాడుతున్నట్టే మాట్లాడారు. అది నాకు అలవాటే, రేవులో బేరం కూడా అలాగే ఉంటుంది.

పన్నెండో వీధికి మంచినీళ్ళ గొట్టం లేదు. మూడు రోజులకోసారి పడవలో వస్తాయి. పడవ రాని రోజు పక్క వీధి మీద పడతారు, కొట్టుకుంటారు. ఆసుపత్రి రేవు మెట్లకి పాచి పట్టింది, పట్టుకోవడానికి కమ్మీ లేదు. నెలలు నిండిన అమ్మాయిని పడవ దింపుతూ ఆమె మొగుడు జారి కాలు విరగ్గొట్టుకున్నాడు. కాన్పుకి వచ్చిన అమ్మాయి ముందే ఇంటికి వెళ్ళిపోయింది, మొగుడు ఇంకా మంచం మీదే ఉన్నాడు.

మా పక్కింటి సన్నాసమ్మ అప్ప కూడా వచ్చింది. నాకంటే పదేళ్ళు పెద్దది. రేవులో ఆవిడ కేక వేస్తే పడవల మీద కాకులు లేస్తాయి.

"మేయరమ్మ గోరూ, దండాలు. తమరు కుర్సీ మీద ఎందుకు కూకోలేదు? ముళ్ళున్నాయేటి?"

"కాళ్ళు అందట్లేదప్పా."

"అందనోళ్ళనే కూకోబెడతారే. అందినోళ్ళు దిగరు గదా!"

మెట్ల మీద ఉన్నవాళ్ళంతా నవ్వారు. తొమ్మిది నెలల తరవాత నేనూ నవ్వాను. వెంటనే తప్పు చేసినట్టనిపించింది.

12వ రోజు

భానోజీరావు గారు మా ఏడో వీధి తలుపు చూపిస్తానన్నారు. ఆ తలుపు దగ్గరికి నేను పోయిన దసరా నుంచీ వెళ్ళలేదు. చుట్టు తిరిగి ఆరో వీధి తలుపు నుంచి రేవుకి పోతున్నాను. ఈరోజు వెళ్ళాను.

ఆయన పళ్ళచక్రాలకి గ్రీజు రాస్తూ చెప్పారు. సముద్రం పొంగితే గంట మోగుతుంది. బయట ఉన్నవాళ్ళు లోపలికి పరిగెత్తాలి. వీధివాళ్ళ పూసలన్నీ లోపలికి వచ్చాక గుమస్తా తలుపు దించుతుంది. ఎవరైనా రాకపోతే, గోడ మీద ఎర్రగీతని నీళ్ళు తాకేదాకా ఆగుతుంది. అక్కడి నుంచి మరి ఆగదు.

"గంట మోగాక ఎర్రగీత దాకా నీళ్ళు రావడానికి ఎంతసేపు పడుతుంది బాబూ?"

"ఇరవై నిమిషాలకి తక్కువ ఉండదమ్మా."

"ఆ రోజు ఎంతసేపట్లో దిగింది?"

ఆయన గ్రీజు గుడ్డ మడత పెట్టారు. "నాలుగు నిమిషాల్లో. చక్రానికి ఉప్పు పట్టి జారిపోయిందని తేల్చాం. అందుకే నలభై తలుపులకీ కొత్త చక్రాలు వేయిద్దాం. మీ మొదటి పని అదే అవుతుందని కాగితం కూడా రాసి ఉంచాను. మీరు సంతకం పెడితే చాలు." చెయ్యి ఎత్తి పూస చూపించారు. "మీరు భయపడకండి. నా మటుకు నేను ఆ దసరా తరవాత ఇది చేతి నుంచి తియ్యనే తియ్యను. స్నానానికి కూడా."

తలుపు అవతలి వైపు వెళ్ళి చూశాను. ఝాన్సీ కొన్న బంతిపూల సంచీ అప్పట్లో అక్కడే దొరికింది. రేవులో పూలు అమ్మే పడవ నుంచి తలుపు దాకా పరుగెత్తితే ఏడెనిమిది నిమిషాలు. పిల్ల తలుపు దాకా వచ్చేసింది. తలుపు అప్పటికే దిగిపోయింది.

సంతకం పెట్టలేదు. కళ్ళజోడు ఇంట్లో ఉందని అబద్ధం చెప్పాను.

23వ రోజు

ఇది ఈ పుస్తకంలో రాయకూడదనుకున్నాను. మేయరు దిగిపోయే రోజున దీన్ని అందరి ముందూ చదువుతారట. అయినా రాస్తున్నాను.

చక్రం జారలేదు.

దసరాకి ఆయుధపూజ చేస్తాం కదా. ఏడాదంతా మనకి పని చేసి పెట్టిన వస్తువుల్ని కడిగి, పసుపు రాసి, బొట్టు పెట్టి అమ్మవారి ముందు పెడతాం. మర్నాటిదాకా ముట్టుకోం. చేపల కత్తి పెట్టాను. తూకం రాళ్ళు పెట్టాను. ఝాన్సీ వల అల్లే కండె పెట్టాను. తరవాత దాని చేతి నుంచి పూస విప్పి, నాది కూడా విప్పి, రెండూ పెట్టాను.

"అమ్మా, బయటికెళ్తే పూస ఉండాలి కదా" అంది.

"ఏడాదంతా మనల్ని కాసింది, ఒక్కరోజు దాన్నీ కూర్చోనీ" అన్నాను.

మధ్యాహ్నం బంతిపూలు చాలలేదని రేవుకి పంపింది నేనే. గంట మోగినప్పుడు గుమస్తా చూసుకుంది. ఝాన్సీ పూస ఇంట్లో ఉంది. అందుకని దించేసింది. నన్ను విచారణలో పూస గురించి అడగలేదు. వాళ్ళు చక్రం చూశారు, ఉప్పు చూశారు. నేను మాట్లాడలేదు.

ఇప్పుడు చెబితే ఏమవుతుంది? తప్పు ఊరిది కాదు, మా ఇంటిది అవుతుంది. కుర్చీ పోతుంది. పన్నెండో వీధి నీళ్ళూ పోతాయి, ఆసుపత్రి మెట్లూ పోతాయి. చెప్పకపోతే నలభై తలుపులకీ కొత్త చక్రాలు వస్తాయి. నా ఎనభై ఎనిమిదో రోజున దసరా వస్తుంది. మళ్ళీ ఎవరో ఒక తల్లి పూస విప్పి పూజలో పెడుతుంది.

38వ రోజు

వాన. అప్ప, నేను అరుగు మీద కూర్చుని చేపలు ఎండబెట్టే తడికలు అల్లుతున్నాం. వాన చూస్తూ చూస్తూ ఉన్నదంతా ఆవిడతో చెప్పేశాను. తిడుతుందనుకున్నాను.

తిట్టలేదు. తడిక పక్కన పెట్టింది.

"పూస నువ్వొక్కదానివే పెట్టినావేటే? నానూ పెట్టినాను. మన ఈదంతా పెట్టినాది. అమ్మోరి కాడ పూసలు అలగే మెరిసిపోతన్నాయి."

"అందరూ పెట్టారా?"

"మరేటి? ఇంకోటి సెప్తాను, ఇను. ఆ దినం నాను తలుపు కాడే కూకున్నాను. ఝాన్సి ఎల్లడం సూసినాను. 'పెద్దమ్మా, పూలట్టుకొచ్చేస్తాను' అని నవ్వతా ఎల్లిపోనాది. నాను కొంగున ముడేసినాను."

"ముడా?"

"అలవాటే. మా అమ్మ ఏసీది. మగోళ్ళు ఏటకి ఎల్లినపుడు ఒక్కో పడవకి ఒక్కో ముడి. పడవొచ్చినాక ఇప్పీది. ఇపుడు మా ఇంట ఏటకెల్లీవోళ్ళు లేకపోనా సెయ్యి ఊరుకోదు గదా. తలుపు కాడ కూకుంటే బయటికెల్లినోళ్ళందరికీ ముళ్ళేస్తుంటాను. ఆ దినం అందరి ముళ్ళూ ఇప్పినాను. ఝాన్సిది ఉండిపోనాది. గంట మోగినాది, తలుపు దిగిపోతంది. 'పిల్ల బయటున్నాది, ఆపరా' అని అరిసినాను. 'అందరూ లోపలే ఉన్నారు' అన్నాది గుమస్తా. దానికి నా కేక ఇనపడుతాది గానీ, నా మాట లెక్కలోకి రాదంట."

"విచారణలో చెప్పలేదేం అప్పా?"

"నన్నెవులడిగినారే?"

ఊళ్ళో ఒక మనిషికి తెలుసు. అరిచింది కూడా. అడిగే చోటు ఒక్కటి లేకపోయింది.

చిలకపచ్చ చీర. ఆ రోజు ఆవిడ కట్టుకున్నది అదే, ఆ ముడి విప్పలేదట. ఉతకలేదట. పెట్టెలో పెట్టిందట.

61వ రోజు

సభ. నలభై వీధుల నుంచి నలభై మంది. మేడ మీద జనం. భానోజీరావు గారు చక్రాల కాగితం నా ముందు పెట్టారు.

నేను లేచి నిలబడి ఉన్నదున్నట్టు చెప్పాను. పూస విప్పింది నేను. పూలకి పంపింది నేను.

సభాధ్యక్షులు కృపారావు గారు చాలా మెల్లగా అన్నారు. "అమ్మా, తప్పు మీ ఇంటిదేనని మీరే అంటున్నారు. అలాగైతే ఈ కుర్చీ మీది కాదు."

"దిగిపోతానండీ. దిగేముందు గుమస్తాని ఒక్కమాట అడగనివ్వండి." తల పైకెత్తి అడిగాను. "పోయిన దసరా నాడు ఊళ్ళో ఎంతమంది ఇల్లు దాటి బయటికి వెళ్ళారు?"

"ఎవరూ వెళ్ళలేదు" అంది గుమస్తా. "ఉదయం నుంచి మర్నాడు తెల్లవారేదాకా ఎనభై ఒక్క వేల మందీ ఇళ్ళల్లోనే ఉన్నారు."

మేడ మీద నుంచి అప్ప కేక పడింది.

"అయితే రేవులో పులేషాలు ఎవులు సూసినార్రా? పులులే పులుల్ని సూసుకున్నాయా?"

ఎవరో నవ్వబోయి ఆగిపోయారు. అందరూ ఒకరి చేతులు ఒకరు చూసుకుంటున్నారు. భానోజీరావు గారు లేచారు.

"ఆ లెక్క నా దగ్గరికి వచ్చింది. పండగ కదా, జనం ఇళ్ళల్లోనే ఉంటారు అనుకున్నాను. కింద సంతకం పెట్టాను. నేను కూడా ఆ రోజు పూస పూజలో పెట్టి రేవులోనే ఉన్నాను. నాకు తట్టలేదు." చక్రాల కాగితం వెనక్కి తీసుకున్నారు. "తప్పు ఒక ఇంటిది కాదండీ."

కృపారావు గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "మా ఇంట్లో పూజ లేదు. మేం చర్చికి వెళ్ళేవాళ్ళం. అయినా నేనూ పూస తీసి బల్ల మీద పెట్టేశాను. ఊరంతా తీసేశారు కదా, సెలవు కదా అని." తరవాత నా వైపు చూసి, "కూర్చోండమ్మా. పనులు చెప్పండి" అన్నారు.

కూర్చున్నాను. పెట్టె మీద కాళ్ళు పెట్టుకుని చెప్పాను. మొదటిది, ప్రతి తలుపు దగ్గరా పగలూ రాత్రీ ఒక మనిషి. బయటికి వెళ్ళేవాళ్ళకి ముడి వేసేవాళ్ళు, వచ్చాక విప్పేవాళ్ళు. ఆఖరి ముడి విప్పేదాకా, లేదా నీళ్ళు ఎర్రగీత తాకేదాకా, గుమస్తా తలుపు దించకూడదు. రెండోది పన్నెండో వీధి గొట్టం. మూడోది ఆసుపత్రి మెట్లు, కమ్మీ.

"పూసలు పూజలో పెట్టొద్దని చాటింపు వేయిస్తే సరిపోదా?" అని ఎవరో అడిగారు.

"వింటారా? ప్రాణం కాసే వస్తువుకి ఏడాదికొక్క బొట్టు కూడా పెట్టొద్దంటే ఎవరు వింటారు బాబూ? పెట్టుకోనివ్వండి. తలుపు దగ్గర మనిషిని పెట్టండి."

74వ రోజు

తలుపు మనుషులకి పని నేర్పిస్తున్నాం. నేర్పేది అప్ప. కొంగు లేని మగవాళ్ళకి తువ్వాలు. ముప్ఫయ్యో వీధి పెద్దాయన ఒకరు ముళ్ళు ఎంత గట్టిగా వేశారంటే విప్పడానికి పళ్ళు వాడాల్సి వచ్చింది.

"తాతా, మనిషిని కడతన్నావా, ముడేస్తన్నావా? ఒదులుగా ఎయ్యి. తిరిగొచ్చినోడు నువ్వు ఇప్పేదాకా నిలబడాలేటి?"

భానోజీరావు గారు ప్రతి తలుపుకీ ఒక పిడి పెట్టించారు. తలుపు మనిషి పిడి కిందికి లాగితేనే గుమస్తా దించుతుంది. ఆయన రోజూ సొంతంగా వచ్చి నూనె వేస్తున్నారు. సంతకం పెట్టిన చెయ్యి కదా, ఊరుకోనివ్వడం లేదు కాబోలు.

పన్నెండో వీధి గొట్టం సగం దూరం వచ్చింది. పిల్లలు దాని మీద నడుస్తున్నారు. దిగమని అరిచాను. మేయరు అరిచిందని ఇంకా ఎక్కువమంది ఎక్కారు.

88వ రోజు, దసరా

మధ్యాహ్నం మూడు గంటలకి గంట మోగింది.

పొద్దున్న నుంచే గాలి మారింది. నేను ఏడో వీధి తలుపు దగ్గరే ఉన్నాను, చేతికి పూస లేదు. కత్తి, తూకం రాళ్ళ పక్కన పెట్టే వచ్చాను. ఇంకెవరి చేతికీ లేదు.

అప్ప కొంగుకి పదిహేడు ముళ్ళున్నాయి. జనం పరుగెత్తుకుంటూ వస్తున్నారు. ఒక్కొక్కరి మొహం చూసి ఒక్కొక్క ముడి విప్పుతోంది.

"ఏడో వీధి వాళ్ళంతా లోపలే ఉన్నారు" అంది గుమస్తా. "తలుపు దించమంటారా?"

"నోర్ముయ్!" అంది అప్ప.

గుమస్తా నోరు మూసుకుంది. ఈసారి ఆవిడ మాట లెక్కలో ఉంది.

పది. ఆరు. మూడు. ఒకటి. అప్ప కొంగు పట్టుకుని బయటికి చూస్తోంది. నీళ్ళు ఎర్రగీతకి జానెడు కింద ఉన్నాయి.

"ఎవరప్పా?"

"ఇంజనీరు బాబు. బయట గోడ మీద నీటికొలత సూడ్డానికి ఎల్లినాడు."

నీళ్ళు ఎర్రగీతకి బెత్తెడు దూరంలోకి వచ్చేశాయి. అప్ప పిడి మీద చెయ్యి వేసింది కాని లాగలేదు. నేను పేరు పెట్టి కేక వేశాను. వీధి వీధంతా కేక వేసింది. రెండు వేళ్ళ దూరంలో నీళ్ళుండగా గోడ మలుపులో ఆయన కనిపించారు. చెప్పులు లేవు, కళ్ళజోడు లేదు, మోకాళ్ళ లోతు నీళ్ళలో తూలుతూ వస్తున్నారు. ఇద్దరు కుర్రాళ్ళు రెక్కలు పట్టి లోపలికి లాగారు. అప్ప ముడి విప్పింది. పిడి లాగింది. తలుపు దిగింది. అవతల సముద్రం వచ్చి కొట్టుకుంది.

ఆయన నేల మీద కూలబడి ఎడమ చెయ్యి చూపించారు. ఖాళీ.

"ఎప్పుడూ తియ్యనన్నారు కదండీ?" అన్నాను.

"నేను తియ్యలేదమ్మా. రాత్రి నిద్రపోతుంటే మా ఆవిడ దారం కత్తిరించి పూజలో పెట్టేసింది."

"మీ పూస ఇంటికాడ పరవాన్నం తింతంది బాబూ, మీరు ఇక్కడ తడుస్తన్నారు" అంది అప్ప.

ఆయన నవ్వడం మొదలుపెట్టి ఏడ్చారు. అప్ప తన కొంగుతోనే ఆయన తల తుడిచింది. ముళ్ళు లేని కొంగు నలిగిపోయి ఉంది.

సాయంత్రానికి నలభై తలుపుల నుంచీ కబురు వచ్చింది. ఎవరూ బయట లేరు. గుమస్తా చెప్పింది కాదు. మనుషులు చెప్పింది.

నేను తలుపు దగ్గరే కూర్చుని ఏడ్చాను. సంతోషం అని చెప్పలేను. ఈ తలుపు ఇలా కూడా ఆగగలదని కళ్ళతో చూశాను, అందుకు.

90వ రోజు

పొద్దున్న పన్నెండో వీధిలో కుళాయి తిప్పారు. మొదట గాలి వచ్చింది, తరవాత తుప్పు వచ్చింది, తరవాత నీళ్ళు వచ్చాయి. ఒకామె బిందె నింపుకుని, దించుకుని, ఊరికే మళ్ళీ ఒంపేసి మళ్ళీ నింపుకుంది. ఆసుపత్రి మెట్లకి కమ్మీ సగమే అయింది. తరవాతి మేయరు చూసుకోవాలి. ఆ కుర్చీలోకి ఇంకెవరూ ఇలా రాకూడదనే నా కోరిక, కాని వస్తే వాళ్ళ కోసమని పెట్టె అక్కడే వదిలేశాను. కాళ్ళు అందకపోతే పనికొస్తుంది.

సాయంత్రం ఇంటికి వచ్చాను. వెనకాలే అప్ప వచ్చి వాకిట్లో నిలబడింది. చంకలో చిలకపచ్చ చీర.

"అచ్చీ, ఇది ఇప్పడానికి నాకు సేతులు రావట్లేదే. నువ్వు ఇప్పుతావేటి?"

చీర అంచు తడిమి చూశాను. చిన్న ముడి. ఉప్పుకి గట్టిపడిపోయింది. తిరిగి వచ్చినవాళ్ళ ముడే విప్పాలి. "ఇది ఉండనీ అప్పా. చీర నాకిచ్చెయ్యి" అన్నాను.

గడప దాటి లోపలికి వెళ్ళాను.

"అచ్చియ్యమ్మ గారూ, ఇంట్లో ఇద్దరు. క్షేమం."

దేవుడి గూట్లో నుంచి ఝాన్సీ పూస తీశాను. చేతిలో పట్టుకుంటే చల్లగా ఉంది. ఇంకా కొంచెం పసుపు అంటి ఉంది.

"కాదు" అన్నాను. "ఇంట్లో ఒక్కదాన్నే. ఝాన్సీ లేదు. రాసుకో."

"రాసుకున్నాను. ఇంట్లో ఒకరు" అంది గుమస్తా.

"ఒకరేటే?" అని వాకిట్లో నుంచి అప్ప కేక. "నానేటి, గోడనా? అన్నం ఒండలేదు గదా నువ్వు? జరుగు, నాను ఒండుతాను."

చీర నా భుజం మీద పడేసి, నన్ను తోసుకుని, గడప దాటి లోపలికి వచ్చేసింది. చేతికి పూస ఉంది.

"ఇంట్లో ఇద్దరు" అంది గుమస్తా.

ఈసారి లెక్క తప్పలేదు.